నెలనెలా ఐవర్‌మెక్టిన్ సూది వేస్తున్నా పందుల కార్జం మీద తెల్లమచ్చలు ఎందుకు వస్తున్నాయి?

మీరు రాసింది ఇదీ: 12 తల్లి పందులు, పెరిగే పందులు 90 దాకా. హోటల్ మిగుళ్లు, తవుడు కలిపి మేత. నెలకోసారి అన్నిటికీ 1 శాతం ఐవర్‌మెక్టిన్ సూది. అయినా కోత దగ్గర కార్జం మీద తెల్లమచ్చలున్నాయని కొనేవాళ్లు ధర తగ్గిస్తున్నారు. మూడు నాలుగు నెలల పందులు కొన్ని జిగురుతో, రక్తపు చారలతో విరేచనం చేస్తున్నాయి. పేడ పరీక్షలో మాత్రం గుడ్లు లేవన్నారు. చివర్లో, ఒక పంది మాంసంలో సగ్గుబియ్యం గింజల్లాంటివి కనబడ్డాయని కూడా రాశారు.

ఇవి మూడు వేర్వేరు సమస్యలు. తెల్లమచ్చలు ఏలికపాము పిల్లల పని. రక్తపు జిగురు చాలావరకు కొరడాపురుగు పని, అయితే నిర్ధారించుకోవాలి. సగ్గుబియ్యం గింజలు మనిషి కడుపులోని బద్దెపురుగు నుంచి వచ్చినవి. మీరు వేసే సూది మొదటిదానికి సగమే పనిచేస్తుంది, రెండోదానికి నమ్మకంగా పనిచేయదు, మూడోదానికి దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

ముందు తెల్లమచ్చలు. పంది ఏలికపాము, అంటే ఆస్కారిస్ సూమ్, ఆడది 20 నుంచి 40 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. రోజుకు లక్షల్లో గుడ్లు పెడుతుంది. పేడలో పడిన గుడ్డు ఆ రోజే ప్రమాదం కాదు. తేమ, వెచ్చదనం దొరికితే లోపల పిల్ల తయారవడానికి మన వాతావరణంలో కూడా మూడు నాలుగు వారాలు పడుతుంది. తయారైన గుడ్డును పంది మింగితే పేగులో పిల్ల బయటపడి, పేగు గోడ తొలుచుకుని రెండు మూడు రోజుల్లో కార్జానికి చేరుతుంది. అక్కడ తిరిగిన దారి మాని గట్టిపడితే అదే తెల్లమచ్చ. వారం తిరక్కుండా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, అప్పుడే పందులు పొట్టలు ఎగరేస్తూ దగ్గుతాయి. గొంతులోకొచ్చి మళ్లీ మింగుడుపడి 10–14 రోజులకు చిన్నపేగు చేరుతుంది. పెద్దదై గుడ్లు పెట్టడానికి మొత్తం 6 నుంచి 8 వారాలు.

ఈ లెక్కలో రెండు సంగతులు పట్టుకోండి. ఒకటి, మచ్చ ఇంచుమించు ఐదు వారాల్లో మానిపోతుంది. కోత రోజున మచ్చలు కనబడ్డాయంటే ఆ పంది గత ఐదారు వారాల్లోనే తయారైన గుడ్లు మింగింది. ఎప్పుడో చిన్నప్పటి నట్టలని సర్దిచెప్పుకోవడానికి లేదు. రెండు, మీ సూది పేగులో ఉన్న పాముల్ని చంపుతుంది, నేల మీద ఉన్న గుడ్డును తాకదు. సూది ప్రభావం తగ్గిన వెంటనే పంది అదే మూల మళ్లీ మూతి పెట్టి గుడ్లు మింగితే, పిల్లలు పేగు నుంచి కార్జానికి వెళ్లడం, మచ్చ చేయడం మామూలుగానే జరిగిపోతుంది. పదేపదే గుడ్లు మింగిన పందులకు కొంత రోగనిరోధకశక్తి వచ్చి చాలా పిల్లల్ని పెద్దవి కాకముందే పేగు తోసేస్తుంది. అందుకే పేగు కోసి చూస్తే పాము ఉండదు, కార్జం నిండా మచ్చలుంటాయి. రైతు మందు పనిచేసిందనుకుంటాడు. కొనేవాడు కార్జం చూసి బేరం తగ్గిస్తాడు. ఇద్దరు చూసిందీ నిజమే.

కాబట్టి జబ్బు ఇప్పుడు మీ నేలలో ఉంది. మందు దాని మీద రెండో పని మాత్రమే.

ఈ గుడ్డు పైపొర జిగురుగా, మందంగా ఉంటుంది. తేమ నీడలో, మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఫినాయిల్, బ్లీచింగ్, మామూలు క్రిమిసంహారకాలు దాన్ని చంపుతాయని నమ్మి డబ్బు పోయకండి, వాటితో బ్యాక్టీరియా పోతుంది గానీ ఇది పోదు. దీన్ని చంపేవి వేడి, ఎండిపోవడం. 60 డిగ్రీల పైన నిమిషాల్లో చస్తుంది. అంటే మరుగుతున్న నీళ్లు, ఆవిరి, సిమెంటు నేల మీద గ్యాస్ బర్నర్ మంట, మండే ఎండ. కానీ పేడ పొర ఉండగా వేడి కిందికి దిగదు. అందువల్ల వరస ముఖ్యం: గీకి ఎత్తడం, సబ్బు నీళ్లో బట్టల సోడా నీళ్లో పోసి అరగంట నాననివ్వడం, గట్టి చీపురుతో రుద్దడం, కడిగి పారబోయడం, మరుగునీళ్లు పోయడం లేదా నేల ఆరాక మంట పట్టడం, చివర ఐదారు రోజులు ఖాళీగా ఎండనివ్వడం. గోడ కింద రెండడుగులు, తొట్టి అడుగు, గేటు కింది సందు, వీటినే ఎక్కువమంది వదిలేస్తారు. పగుళ్లుంటే ముందు సిమెంటుతో పూడ్చండి. పగులులోకి ఏ మంటా పోదు.

రోజూ ఇంత చేయక్కర్లేదు. గుడ్డు తయారవడానికి కనీసం మూడు వారాలు కావాలి కనుక, రోజూ పేడ ఎత్తుతూ, వారానికోసారి మూలమూలలా గీకి కడిగితే చాలా గుడ్లు తయారయ్యేలోపే బయటికి పోతాయి. రోజూ కడిగి ఒక్క మూల వదిలేసే షెడ్డు కంటే వారానికోసారి మూలలన్నీ గీకే షెడ్డు మేలు. ఇంకో మాట. పంది పేడ వేసే చోటు తడిగా ఉన్న మూల. నీళ్ల నిపుల్ కారుతుంటే ఆ చోటు, తొట్టి పక్కన నీళ్లు నిలిస్తే ఆ చోటు. గుడ్డుకు కావాల్సిందీ ఆ తడే. కారే నిపుల్‌కు వాషర్ మార్చడం నట్టల నివారణలో భాగమే.

మట్టి నేల దొడ్డి అయితే కథ కష్టం. పై మట్టి అర అడుగు తీసి మొరం నింపినా కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. కనీసం తొట్టి ముందు, నీళ్ల దగ్గర, పేడ మూల సిమెంటు చేయించండి. డబ్బు తక్కువైతే పాలు మరిపించిన పిల్లలుండే గదికి ముందు పెట్టండి. ఎక్కువ దెబ్బ తగిలేది వాటికే.

పేడ ఎక్కడికి పోతోందో కూడా చూడండి. పచ్చి పంది పేడను నేపియర్ గడ్డికో తోటకూర మడికో వేసి, ఆ మేతే కోసి మళ్లీ పందులకు వేయడం, అజొల్లా గుంటలో పంది పేడ కలిపి ఆ అజొల్లానే పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. ఇది గుడ్లను పెంచి తిరిగి వడ్డించడమే. పేడను గుట్టగా పోసి, లోపల 55 డిగ్రీల పైన కనీసం మూడు రోజులు కాగనివ్వాలి. గుట్ట పైపొర కాగదు కాబట్టి లోపలిది బయటికి, బయటిది లోపలికి వచ్చేలా రెండు మూడుసార్లు తిరగెయ్యండి. లోపలికి ఇనుప కడ్డీ గుచ్చి పావుగంట ఉంచి తీస్తే చేత్తో పట్టుకోలేనంత వేడి ఉండాలి. ఆ మాత్రం వేడి రాకపోతే అది ఎరువు కాలేదు, పేడ గుట్టే. పచ్చి పంది పేడ కూరగాయ మళ్లకూ వద్దు, ఈ ఏలికపాము మనుషులకూ అంటుకుంటుంది.

ఇక రక్తపు జిగురు. కొరడాపురుగు, ట్రైక్యూరిస్ సూయిస్, 5 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. ముందు భాగం దారంలా సన్నం, వెనక కొంచెం లావు. ఆ దారం భాగాన్ని గుడ్డిపేగు గోడలోకి కుట్టుకుని ఉంటుంది. గుడ్లు పెట్టడం మొదలయ్యేది ఆరేడు వారాలకు. విరేచనం మాత్రం మూడు వారాలకే మొదలవుతుంది. మీ పేడ పరీక్షలో ఏమీ కనబడకపోవడానికి ఇదే కారణం కావచ్చు. పురుగు ఉంది, దాని గుడ్లు ఇంకా లేవు. పరీక్ష తప్పు కాదు, చేసిన రోజు తొందరైంది.

దీన్ని తేల్చే దారి చచ్చిన పందిని కోసి చూడటం. కానీ ముందు ఒక జాగ్రత్త. ఒక్కసారిగా ఎక్కువ జ్వరం, చెవులు పొట్ట ఎర్రబారడం, వరసగా చావులు ఉంటే కత్తి పట్టకండి. 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వైరస్ జబ్బు హోటల్ మిగుళ్ల ద్వారానూ వస్తుంది. అలాంటప్పుడు పశువైద్యశాఖకు కబురు చేయడమే. మిగుళ్లు ఎప్పుడు పెట్టినా అరగంట ఉడకబెట్టి, చల్లార్చి పెట్టండి.

అలాంటి అనుమానం లేకపోతే గుడ్డిపేగును కత్తెరతో పొడవునా చీల్చండి. లోపలి సరుకు చూసి వదిలేయకండి, అందులో కనబడవు. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి పేగు ముక్కను అందులో పరిచి, జిగురును చేత్తో మెల్లగా తోయండి. ఒక కొస గోడకు అతుక్కుని, ఇంకో కొస నీళ్లలో ఊగే సన్నటి దారాలు కనిపిస్తాయి. లాగితే ఊడిరావు, గోడ కూడా లేస్తుంది. అదే కొరడాపురుగు. దారాలు లేకుండా గోడ ఎర్రగా వాచి బూడిదరంగు పొర కట్టి ఉంటే బ్యాక్టీరియా వల్ల వచ్చే స్వైన్ డిసెంట్రీ అనుమానించాలి. అది నట్టల మందుతో పోదు, యాంటీబయాటిక్ కావాలి. రెండూ కలిసి ఉండటం కూడా అరుదేమీ కాదు. అదే పెద్దపేగు గోడలో ఆవగింజంత నుంచి కందిగింజంత గడ్డలుంటే అవి నాడ్యులర్ పురుగులవి, ఈసోఫాగోస్టోమమ్. ఎక్కువగా తల్లుల్లో ఉంటాయి. తల్లి బాగా తిన్నా ఎముకలు తేలడానికి అవీ ఒక కారణం.

ఐవర్‌మెక్టిన్ కొరడాపురుగు మీద ఒకసారి బాగా, ఒకసారి అరకొరగా పనిచేస్తుంది. దీనికి నమ్మదగిన మందు ఫెన్‌బెండజోల్, అదీ ఒక్కరోజు కాదు. కిలో బరువుకు రోజుకు 3 మి.గ్రా. చొప్పున మూడు రోజులు వరసగా. ఈ వరసకు ఏలికపాములు, నాడ్యులర్ పురుగులు కూడా పోతాయి. లెక్క ఇలా: ఒక గదిలో సగటున 40 కిలోల పందులు 30 ఉంటే మొత్తం 1,200 కిలోలు. రోజుకు 3,600 మి.గ్రా., అంటే 3.6 గ్రాముల అసలు మందు. మీరు కొన్నది 25 శాతం పొడి అయితే 14.4 గ్రాములు తూయాలి. చెంచా లెక్క వద్దు, నగల త్రాసులాంటి చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. ఆ 14.4 గ్రాముల్ని ముందు అరకిలో పొడి తవుడులో కలపండి, దాన్ని ఐదు కిలోల్లో, ఆపైన ఆ గది దాణా మొత్తంలో. నేరుగా మూట దాణాలో చల్లితే ఒక పందికి నాలుగింతలు, ఇంకోదానికి సున్నా. హోటల్ పలచటి మేతలో అసలు కలపకండి, ఈ పొడి నీళ్లలో కరగదు, తొట్టి అడుక్కి చేరుతుంది. ఆ మూడు రోజులు పొద్దుటి మేత పొడిగా, కొంచెం తగ్గించి ఇవ్వండి, ఆకలి మీద మిగల్చకుండా తింటాయి. గదిలో పందులన్నీ ఒకేసారి మూతిపెట్టే చోటు తొట్టికి ఉండాలి. మందు ఎక్కువ అవసరమైన బక్కది తొట్టి దగ్గరికే రాలేదు, దాన్ని బలమైనవి తోసేస్తాయి. అలాంటివాటిని విడిగా కట్టి పెట్టండి.

సూది కూడా పూర్తిగా మానేయనక్కర్లేదు, గజ్జికి, పేలకు అదే మందు. మోతాదు కిలోకు 300 మైక్రోగ్రాములు, 1 శాతం మందైతే 33 కిలోలకు 1 మి.లీ. పశువుల మోతాదు 50 కిలోలకు 1 మి.లీ., చాలామంది అదే లెక్క పందికీ వేస్తారు. మూడోవంతు తగ్గిపోతుంది. చెవి వెనక మెడ దగ్గర, చర్మం కింద వేయాలి. తొడలో వేయకండి. ఇక బరువు. కంటి అంచనా సాధారణంగా తక్కువే వస్తుంది. టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, రెండు చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 14,400తో భాగిస్తే కిలోలు. చుట్టుకొలత 90, పొడవు 95 అయితే 53 కిలోలు. తల ఎత్తినా దించినా పొడవు మారుతుంది, నేరుగా నిలబెట్టి కొలవండి. గుంపులో మోతాదును సగటు కంటే కొంచెం పై బరువుకు లెక్కగట్టడం మంచిది. తక్కువ మోతాదు పదేపదే పడితే నట్టలు మందుకు అలవాటు పడతాయి. నాడ్యులర్ పురుగుల్లో ఆ అలవాటు ఇప్పటికే కొన్ని దేశాల్లో బయటపడింది.

నెలనెలా సూదితో ఇంకో చిక్కు ఉంది. ఐవర్‌మెక్టిన్ వేశాక కోతకు ఆగాల్సిన గడువు లేబుల్ మీద ఉంటుంది, 28 రోజులు ఆగితే మంచిది. నెలకోసారి వేస్తూ మధ్యలో అమ్మితే ఆ మాంసంలో మందు మిగిలే ఉంటుంది.

నెల లెక్క వదిలేసి పురుగు లెక్కకు రండి. ఏలికపాము గుడ్లు పెట్టడానికి కనీసం 6 వారాలు, కొరడాపురుగుకూ దాదాపు అంతే. కాబట్టి 5 వారాలకోసారి ఫెన్‌బెండజోల్ మూడు రోజులు. పాలు మరిపించినప్పుడు ఒకటి, ఆ తరవాత 35 రోజులకు ఒకటి, మళ్లీ 35కు ఒకటి. ఇలా వేస్తే ఏ పురుగూ గుడ్లు పెట్టే వయసుకు రాదు, నేలకు కొత్త గుడ్లు చేరవు. మొదటి మందు వేసినప్పుడు కార్జంలో, ఊపిరితిత్తుల్లో ప్రయాణంలో ఉన్న పిల్లలు తప్పించుకోవచ్చు, వాటిని పట్టేది రెండోది. అందుకే ఒక్కసారి వేసి ఆపితే వేయనట్టే. నేల చక్కబడ్డాక, పేడ పరీక్ష చూసుకుంటూ ఈ వరస తగ్గించవచ్చు.

మందు వేసిన మూడు నాలుగు రోజుల పేడ అన్నిటికంటే ప్రమాదం. చచ్చి బయటికొచ్చే ఆడపాము కడుపు నిండా గుడ్లే. ఆ పేడను రోజుకు రెండుసార్లు ఎత్తి ఎరువు గుట్ట మధ్యలో పెట్టండి. ఆఖరి మోతాదు అయిన మూడో రోజున పందుల్ని కడిగి ఆరబెట్టిన గదికి మార్చండి. మార్చేశాక మందు వేయడం వెనకాముందు తారుమారు చేయడమే. పొట్ట ఉబ్బి బాగా నీరసించిన పిల్లలకు లెవామిసోల్, పైపరజీన్ లాంటి ఒక్కసారిగా పడగొట్టే మందులు ముందే వేయకండి, పాములు గుంపుగా పడి పేగుకు అడ్డం పడొచ్చు. లెవామిసోల్ మోతాదు మించితే నురగ కక్కుతుంది కూడా.

తల్లుల సంగతి. ఈనడానికి 10–14 రోజుల ముందు ఒక ఐవర్‌మెక్టిన్ సూది వేయండి, ఇక్కడ ఈ మందు నిజంగా పనికొస్తుంది. స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నటి పురుగు పిల్లలు జున్నుపాల ద్వారా కూడా పందిపిల్లలకు చేరతాయి, ఈ సూది వాటిని ఆపుతుంది. ఈనే గదిలోకి తెచ్చేముందు తల్లిని గోరువెచ్చని సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడగండి. పొదుగు, పొట్ట కింద, గిట్టల సందులు. గుడ్ల జిగురు చర్మానికి అంటుకుని పాలు తాగే పిల్ల నోట్లోకి పోతుంది. కడగకుండా శుభ్రమైన గదిలో పెడితే ఆ గది శుభ్రం రెండు రోజులే. అల్బెండజోల్ అనే నట్టల మందు మాత్రం చూలు కట్టిన మొదటి నెలలో తల్లులకు వద్దు, పిండానికి ప్రమాదం.

వారం, పది రోజుల పిల్లలకు పసుపురంగు గంజి లాంటి విరేచనం వస్తే అది నట్ట కాదు, కాక్సిడియా అనే కంటికి కనబడని పరాన్నజీవి. ఏ నట్టల మందూ, మామూలు యాంటీబయాటిక్కూ దాన్ని ఆపవు. 3–5 రోజుల వయసులో 5 శాతం టోల్‌ట్రజురిల్ కిలోకు 0.4 మి.లీ. నోట్లో ఒక్కసారి. ఐరన్ సూది వేసే రోజునే వేయొచ్చు. విరేచనం మొదలయ్యాక వేస్తే పేగు పాడవడం అప్పటికే అయిపోయి ఉంటుంది.

పేడ పరీక్ష అడిగేటప్పుడు ఒక్క పంది పేడ ఇవ్వకండి. ప్రతి వయసు గుంపు నుంచి ఐదారు పందులవి, వేసిన వెంటనే, వేర్వేరు కవర్లలో. ఒక గదిలో నట్టల భారం అన్నిటిలో సమానంగా ఉండదు, రెండు మూడింటిలోనే గుట్టగా ఉంటుంది. గ్రాముకు వంద, రెండు వందల లోపు ఏలికపాము గుడ్లు కనిపిస్తే కంగారుపడకండి, పంది తిన్న పేడలోని గుడ్డు అలాగే బయటికి రావచ్చు. మందు పనిచేసిందా అన్నది చూడాలంటే మందుకు ముందు, 10–14 రోజుల తరవాత అవే పందులవి లెక్కపెట్టించండి. గుడ్లు 90 శాతం కూడా తగ్గకపోతే మోతాదు తప్పో, మందు పనిచేయకపోవడమో. అయితే కొనేవాడు చూసేది పేడ కాదు, కార్జం. అది ఎప్పటికి బాగుపడుతుందంటే, గదులు శుభ్రపడ్డ నాటి నుంచి కనీసం ఐదారు వారాలకు. ఈలోపు అమ్మినవాటిలో మచ్చలు కనబడితే పద్ధతి పనిచేయలేదని వదిలేయకండి.

వేపాకు, పసుపు, బొప్పాయి గింజల గురించి అడిగారు. మేతలో కలిపితే హాని ఏమీ లేదు, కానీ వీటిని నమ్మి పై వరస ఆపకండి.

ఇక సగ్గుబియ్యం గింజలు. పంది మాంసంలోని ఆ బుడగలు టీనియా సోలియమ్ అనే బద్దెపురుగు పిల్ల దశ. ఆ పెద్దపురుగు ఉండేది మనిషి పేగులో, పందిలో కాదు. మనిషి మలంలోని గుడ్లు పంది తింటేనే ఇది వస్తుంది. మీ దొడ్డిలో కట్టేసి పెంచినవాటిలో వచ్చిందంటే, పని చేసేవాళ్లకు మరుగుదొడ్డి లేకపోవడమో, చేతులు కడగకుండా మేత కలపడమో, మలం చేరే కాలువ నీళ్లు తాగడమో జరుగుతోంది. ముందు మనుషుల వైపు నుంచే వెతకండి. పందిలోని బుడగలకు ఆక్స్‌ఫెండజోల్ కిలోకు 30 మి.గ్రా. ఒక్కసారి నోటి ద్వారా పనిచేస్తుంది, మామూలు నట్టల మోతాదుతో చావవు. టీకా కూడా ఉంది, పేరు సిస్‌వాక్స్, హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేస్తుంది. మూడు నాలుగు వారాల తేడాతో రెండు మోతాదులు, ఆక్స్‌ఫెండజోల్‌తో కలిపి వాడతారు. ఆ గింజలున్న మాంసం అమ్మకండి, ఉడకబెట్టి కుక్కలకూ వేయకండి, పూడ్చేయండి. పనివాళ్లకు మలపరీక్ష చేయించండి. పురుగు ఉన్నట్టు తేలితే మందు మీరే కొని మింగించకండి. ఆ మనిషి మెదడులో కూడా ఇవే బుడగలు ఉండి ఉంటే నట్టల మందు పడగానే ఫిట్స్ రావచ్చు, డాక్టరు చూశాకే ఇవ్వాలి.